ఆముదం జీనోమ్‌లో రిపీట్లు 4 శాతమేనా? లైబ్రరీ మార్చి చూడు

తమ్ముడూ, నల్లగొండ చేలల్లో తెచ్చిన ఆముదం జీనోమ్ (మొక్క మొత్తం డీఎన్ఏ) మీద, రిపీట్లను (పదే పదే వచ్చే డీఎన్ఏ వరుసలను) వెతికి గుర్తుపెట్టే, అంటే మాస్క్ చేసే, రిపీట్‌మాస్కర్ ప్రోగ్రామ్ నడిపితే 4 శాతమే మాస్క్ అయిందని రాశావు. టెన్షన్ పడకు. 2010లో అచ్చయిన ఆముదం జీనోమ్ సుమారు 35 కోట్ల బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు), అందులో దాదాపు సగం రిపీట్లే. నువ్వు పెట్టిన కమాండ్‌లో జాతి పేరు లేదు. అలా వదిలేస్తే అది మనిషి డీఎన్ఏ అనుకుని మనిషి రిపీట్ల కోసమే వెతుకుతుంది. ఆముదంలో అవి ఎక్కడ దొరుకుతాయి?

ముందు రిపీట్‌మోడలర్ 2 అనే ప్రోగ్రామ్‌ను ఎల్‌టీఆర్ (రెండు చివర్లా ఒకే పొడవాటి వరుస ఉండే రిపీట్లు) ఆప్షన్‌తో నడుపు. పదే పదే వచ్చే వరుసలను అదే పట్టి కుటుంబాలుగా కూర్చుతుంది. రోజులు పట్టొచ్చు, ఓపిక పట్టు. అలా వచ్చిన కుటుంబాల జాబితానే లైబ్రరీ; దాన్ని రిపీట్‌మాస్కర్‌కు ఇవ్వు.

ఒక్క జాగ్రత్త, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. తెగుళ్లను తట్టుకునే జన్యువుల్లాంటి పెద్ద కుటుంబాలు కూడా రిపీట్లలా లైబ్రరీలో దూరతాయి. 'అన్‌నోన్' (ఏ రకమో తెలియదు) అని వచ్చినవాటిని మొక్కల ప్రోటీన్లతో బ్లాస్ట్‌ఎక్స్ చేసి (డీఎన్ఏను ప్రోటీన్‌గా మార్చి పోల్చి చూసి), జన్యువులైతే తీసెయ్. మిగిలినవాటిలో రెండు మూడింటిని జీనోమ్‌లో కళ్లారా చూడు: రెండు చివర్లా ఒకే పొడవాటి వరుస, అది టీజీతో మొదలై సీఏతో ముగియడం, బయట ఇరువైపులా అవే ఐదు అక్షరాలు. ఇవన్నీ కనిపిస్తే అది ఎల్‌టీఆర్ రెట్రోట్రాన్స్‌పోజానే, అంటే తన నకళ్లను జీనోమ్‌లో వేరే చోట్ల చేర్చుకునే రిపీటే.

తర్వాత జన్యువులను గుర్తించే పనికి వెళ్తావు కాబట్టి సాఫ్ట్ మాస్కింగే (రిపీట్లను చెరిపేయకుండా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోకి మార్చడం) పెట్టు. కొత్త శాతం ఎంతొచ్చిందో ఇక్కడే రాయి, చూస్తాను.