ఫోను తీగతో మొదలుపెట్టండి: డయల్‌అప్ సందేహాలు

ఈసారి వచ్చిన మూడు ప్రశ్నలూ గోదావరి డెల్టా నుంచే. మూడూ పాత కంప్యూటర్ల గురించే కాబట్టి కలిపి జవాబిస్తున్నాను. డయల్‌అప్ అంటే మోడెమ్ అనే పరికరంతో మామూలు ఫోను లైను మీద నంబరు డయల్ చేసి ఇంటర్నెట్‌కు కలవడం.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. 2004లో కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంది. అప్పట్లో అందులోని మోడెమ్‌తోనే ఇంటర్నెట్ వాడేవాణ్ణి. ఇప్పుడు ఫోను తీగ తగిలిస్తే 680 అనే లోపం చూపించి డయల్ టోన్ లేదంటోంది. ఫోను మాత్రం చక్కగా పనిచేస్తోంది. మోడెమ్ పాడైనట్టేనా? విండోస్ మళ్లీ ఎక్కించాలా?

జవాబు: మాస్టారూ, విండోస్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ఉన్నది సాఫ్ట్‌వేర్ మోడెమ్. సంకేతాలు విప్పే పని ఎక్కువగా ప్రాసెసరే డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో నడిపించే ప్రోగ్రాము) సాయంతో చేస్తుంది. డ్రైవర్ పోతే మిగిలేది ఒట్టి చిప్పు. అప్పటి డ్రైవర్ల సీడీ మీ దగ్గర లేకపోతే, విండోస్ మళ్లీ ఎక్కించడమంటే ఉన్న మోడెమ్‌ను చేజేతులా పోగొట్టుకోవడమే.

680 అంటే మోడెమ్ పోయిందని కాదు. లైను ఎత్తి వింటే టోన్ వినిపించలేదని అది చెబుతోంది, అంతే. వెతుకులాట తీగ దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ల్యాప్‌టాప్ అంచున ఒకే పోలికతో రెండు సాకెట్లు ఉంటాయి. ఇరుకైనది మోడెమ్‌ది, వెడల్పైనది నెట్‌వర్క్‌ది. ఫోను ప్లగ్గు వెడల్పైన దానిలో కూడా దూరుతుంది, లోపలికి వెళ్లి కుదురుకున్నట్టే ఉంటుంది. అక్కడ టోన్ ఎలాగూ దొరకదు. పైగా ఫోను లైనులో ఎప్పుడూ 48 వోల్టుల వరకు ఉంటుంది, గంట మోగేటప్పుడు ఇంకా పెరుగుతుంది. నెట్‌వర్క్ కార్డుకు అది మంచిది కాదు.

సాకెట్ సరైనదే అయితే ల్యాప్‌టాప్‌కు తగిలించిన ఆ తీగనే తీసి ఫోనుకు పెట్టి వినండి. ఫోనుకున్న తీగ వేరు, ల్యాప్‌టాప్‌కు పెట్టిన తీగ వేరు అయినప్పుడు 'ఫోను బాగానే ఉంది' అన్న మాటతో ఏమీ తేలదు. మీ ప్రాంతపు తేమకు, సముద్రపు గాలికి రాగి తీగ త్వరగా చిలుము పడుతుంది. గోడ మీది రోజెట్ పెట్టె (బయటి ఫోను తీగ వచ్చి కలిసే చోటు) మూత విప్పి చూడండి. తీగ కొన పచ్చగా మారి ఉంటే ఆ ముక్క కత్తిరించి, కొత్త రాగి కనిపించేలా తొడుగు ఒలిచి, స్క్రూ బిగించండి. ఉరుములు లేనప్పుడే ఈ పని చేయండి.

తీగ బాగుంటే సెట్టింగులకు రావాలి. కంట్రోల్ ప్యానెల్‌లోని 'ఫోన్ అండ్ మోడెమ్ ఆప్షన్స్'లో దేశం ఇండియా అని ఉందా చూడండి. ఇది పైపై విషయం కాదు. అమెరికా డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ స్వరాల కలయిక. మనది 25 హెర్ట్జ్‌తో ఊగే 400 హెర్ట్జ్ స్వరం. అమెరికాకు అమర్చిన మోడెమ్ మన టోన్‌ను గుర్తుపట్టకపోవచ్చు. దేశం సరిగానే ఉన్నా ఫలితం లేకపోతే మోడెమ్ ప్రాపర్టీస్‌లో 'డయల్ చేసే ముందు టోన్ కోసం ఆగు' అన్న అర్థం వచ్చే గడిలో టిక్కు తీసేయండి. అప్పుడది టోన్‌తో నిమిత్తం లేకుండా డయల్ చేస్తుంది.

అక్కడే డయాగ్నస్టిక్స్‌లో 'క్వెరీ మోడెమ్' నొక్కండి. ఆదేశాలు, వాటి జవాబులు వరసగా కనిపిస్తే డ్రైవర్, చిప్పు మాట్లాడుకుంటున్నట్టు. ఇవన్నీ సరిగా ఉండి, టిక్కు తీసేసినా లైను కదలకపోతే నా అనుమానం పిడుగు మీదే. కొబ్బరి చెట్ల మధ్య నుంచి వేలాడుతూ వచ్చే ఫోను తీగ పిడుగుపాటు తాకిడిని నేరుగా మోడెమ్‌లోకి తెస్తుంది. అప్పుడు తరచుగా లైను వైపు భాగమే కాలిపోతుంది. కంప్యూటర్ వైపు భాగం బతికే ఉంటుంది కాబట్టి డయాగ్నస్టిక్స్ అంతా బాగుందనే చెబుతుంది. కంప్యూటర్ వాడనప్పుడు ఫోను తీగ ఊడదీసి పెట్టమని ఆ రోజుల్లో అందరికీ చెప్పేవాణ్ణి, ఇప్పటికీ అదే చెబుతాను.

ఇంకొక్క పరీక్ష ఉంది, నిజానికి అన్నిటికన్నా ముందు చేయదగ్గది. మీరు అప్పట్లో డయల్ చేసిన ఇంటర్నెట్ నంబరుకు మామూలు ఫోను నుంచి కాల్ చేయండి. కీచుమనే స్వరం వినిపిస్తే అవతల మోడెమ్ ఉన్నట్టు. నంబరు లేదన్న ప్రకటన వస్తే మీ ల్యాప్‌టాప్‌లో దోషం వెతకడం వృథా. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా ఈ డయల్‌అప్ రూపంలోనే వచ్చింది. ఆ సేవ కాలం చెల్లింది. అమెరికాలో పేరుమోసిన ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబరు 30న దాన్ని ఆపేసింది.

ప్రశ్న: నరసాపురం నుంచి రాస్తున్నాను. ఇంటర్నెట్ కోసం కాదు, నా రెండు పాత కంప్యూటర్లను ఫోను లైను మీద మోడెమ్‌లతో కలపడం నా సరదా. కలిసిన కాసేపటికే తెగిపోతోంది. వాన పడితే మరీ ఎక్కువ. మా లైను ఒకటి రాగి, రెండోది ఈమధ్యే ఫైబర్‌కు మారింది.

జవాబు: సరదా అయినా మంచి పని, వదలకండి. వానకు తెగుతోందంటే రాగి లైనులో ఎక్కడో జాయింటులో నీరు చేరుతోంది. ఫోను ఎత్తి ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి వినండి. చిటపటలు, బుసబుసలు వినిపిస్తే లైన్‌మన్‌ను పిలిచి అదే వినిపించండి. ఇంటర్నెట్ రావడం లేదని ఫిర్యాదు చేస్తే తిరిగిచూసేవారు ఉండరు. మాటలో శబ్దం వస్తోందంటే చూస్తారు.

ఫైబర్ లైను సంగతి వేరు. ఇంట్లోని పెట్టె మీ స్వరాన్ని చిన్న చిన్న డేటా ముక్కలుగా మార్చి పంపుతుంది. మనిషి మాటలో ఒక ముక్క పోయినా మనకు తెలియదు, మోడెమ్‌కు మాత్రం పట్టు తప్పుతుంది. అందుకే వేగం తగ్గించండి. ఇంటి మోడెమ్‌లు రెండు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే సెకనుకు 56 కిలోబిట్లు ఎలాగూ రావు. ఆ వేగానికి అవతలి వైపు నేరుగా డిజిటల్ లైను ఉండాలి. 33.6 పై హద్దు, ఇప్పుడున్న స్థితిలో 9.6 దగ్గర నిలకడగా నిలిచినా సంతోషించండి. మోడెమ్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ గడిలో అదనపు ఆదేశం రాసి వేగానికి హద్దు పెట్టవచ్చు. ఆదేశం చిప్పును బట్టి మారుతుంది, మోడెమ్ పుస్తకంలో చూడండి. కాల్ వెయిటింగ్ ఉంటే తీసేయించండి. మధ్యలో వచ్చే ఆ బీప్ చాలు, కనెక్షన్ పోవడానికి.

ప్రశ్న: పాలకొల్లులో మా నాన్నగారు డీటీపీ దుకాణం నడిపేవారు. ఆయన ల్యాప్‌టాప్‌లో వేల తెలుగు ఫైళ్లున్నాయి. వైఫై లేదు. డయల్‌అప్ ఎలాగోలా కలిపి ఫైళ్లన్నీ మెయిల్ చేసుకుందామని మా ఆలోచన. సాధ్యమేనా?

జవాబు: వద్దమ్మా. 33.6 కిలోబిట్ల వేగంతో 100 మెగాబైట్లు పంపడానికి దాదాపు ఆరున్నర గంటలు పడుతుంది, అదీ ఒక్కసారి కూడా తెగకపోతే. పైగా లైను కలిసినా ఎక్స్‌పీలోని పాత బ్రౌజరు ఇప్పటి భద్రతా పద్ధతులను ఎరగదు కాబట్టి మెయిల్ పేజీయే తెరుచుకోదు.

ఆ ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ ఉంటుంది. 32 జీబీ లేదా అంతకన్నా చిన్న పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి వాడండి. ఇప్పటి పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో వస్తున్నాయి. అదనపు అప్‌డేట్ లేని ఎక్స్‌పీ వాటిని చదవదు. ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోతే హార్డ్ డిస్కును బయటికి తీసి యూఎస్‌బీ అడాప్టరుతో చదవవచ్చు. అడాప్టర్ కొనేటప్పుడు పాత ఐడీఈ రకం 2.5 అంగుళాల డిస్కుకు సరిపోతుందా అని అడగండి. తర్వాత వచ్చిన సాటా రకం అడాప్టర్ పనికిరాదు.

అసలు జాగ్రత్త ఫాంట్ల దగ్గర కావాలి. ఆ కాలపు డీటీపీ తెలుగులో ఎక్కువ భాగం అనూ ఫాంట్లలో ఉంటుంది. అది యూనికోడ్ (ఇప్పటి కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కాదు. ఫైలు మాత్రమే తెచ్చుకుంటే కొత్త కంప్యూటర్లో తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అది చూసి ఫైళ్లు చెడిపోయాయనుకుని చెరిపేసినవారు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ మొత్తాన్నీ కూడా కాపీ చేసుకోండి. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు ఒకసారి కళ్లతో సరిచూడాలి.

పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే వీలు ఇప్పుడు బాగా తగ్గిపోయింది. నాన్నగారి యంత్రంలో అవి తెరుచుకుంటున్న ఈ రోజుల్లోనే ముఖ్యమైనవాటిని పీడీఎఫ్‌గా మార్చండి, కుదరకపోతే కాగితం మీద ముద్రించి స్కాన్ చేసుకోండి. కాపీ రెండు చోట్ల దాచేవరకు ఆ డిస్కులో ఒక్క ఫైలు కూడా చెరపకండి.