బ్యాంకాక్ బయలుదేరుతున్న మేనల్లుడికి

ఒంగోలు

చిరంజీవి మేనల్లుడికి, అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ వచ్చే నెల బ్యాంకాక్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. 2015 ఫిబ్రవరిలో నేనూ మీ అత్తా ఆ ఊరు వెళ్లి, రెండో రోజునే 72 వేల బాట్లు, అంటే అప్పటి లెక్కన మన డబ్బులో లక్షా 35 వేలకు పైగా, నీలాల దుకాణంలో పోగొట్టుకున్నాం. ఈ సంగతి ఇంతవరకు మా ఇద్దరికీ తప్ప మనవాళ్లెవరికీ తెలియదు. తెలిసి కూడా చెప్పకుండా నిన్ను పంపడం నాకు తగదు.

ఆ ఉదయం అక్కడి రాజభవనం గ్రాండ్ ప్యాలెస్ ప్రహరీ పక్కన నడుస్తుండగా, ఇస్త్రీ బట్టలు వేసుకున్న ఒక పెద్దమనిషి ఎదురై, నమస్కరించి, ఈ రోజు పూజ ఉన్నందువల్ల మధ్యాహ్నం దాకా విదేశీయులను లోపలికి పంపరని చెప్పాడు. అప్పటిదాకా ఊరికే నిలబడడం ఎందుకని, మా చేతిలోని మ్యాపు మీద రెండు గుళ్లకు గుర్తు పెట్టి, అటుగా వచ్చిన టుక్‌టుక్‌ను, అంటే మన ఆటో లాంటి బండిని, ఆపి, అన్నీ తిప్పి తీసుకొచ్చేందుకు 40 బాట్లకు బేరం కూడా తానే కుదిర్చాడు. మొదటి గుడిలో కూర్చున్న మరొకాయన, మాటల మధ్యలో, ప్రభుత్వం నీలాల మీద పన్ను ఎత్తివేసిందనీ, ఆ వెసులుబాటు ఈ రోజుతో సరి అనీ, స్వదేశం తీసుకెళ్లి అమ్ముకుంటే మంచి లాభమనీ చెప్పాడు. టుక్‌టుక్ డ్రైవరూ అదే మాట అన్నాడు. దుకాణం మెట్లెక్కే వేళకు మేము ఆ సంగతిని ఒకరికొకరు సంబంధం లేని మనుషుల నోట విన్నామనే నమ్మకంతో ఉన్నాం. వాళ్లందరూ ఒక్క జట్టువాళ్లే. గిరాకీని తెచ్చినందుకు డ్రైవర్‌కు దుకాణం నుంచి పెట్రోలు కూపనో, కమీషనో ముడుతుంది. అందుకే 40 బాట్లకు ఊరంతా తిప్పడానికి ఒప్పుకుంటాడు.

నాయనా, ఇక్కడ నువ్వు గమనించవలసింది ఒకటుంది. గోడ దగ్గర కలిసినాయన మమ్మల్ని ఒక్క బాటు కూడా అడగలేదు. డబ్బు అడిగేవాడి దగ్గర మనకు సహజంగానే జాగ్రత్త ఉంటుంది. ఏమీ అడగకుండా సాయం చేసేవాడికి మాత్రం ఏదో రుణపడినట్టు అనిపించి, అతని మాట కాదనలేకపోతాం. కాబట్టి దుకాణంలోకి వెళ్లాక మెలకువగా ఉంటానని అనుకోవద్దు, అప్పటికే ఆలస్యమైపోతుంది. ప్యాలెస్ మూసి ఉందని ఎవరు చెప్పినా, వాదించకుండా దణ్ణం పెట్టి, ఆ పది నిమిషాలూ నడిచి టికెట్లు ఇచ్చే చోటికి నీ కాళ్లతో నువ్వు వెళ్లు. ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా అక్కడ టికెట్లు ఇస్తారు. టికెట్టు 500 బాట్లు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలన్న నియమం మాత్రం నిజమైనదే, దాన్ని హోటల్లోనే చూసుకుని బయలుదేరండి.

చీమకుర్తి క్వారీల్లో ముప్పై ఏళ్లు గ్రానైట్ చూసినవాణ్ణి నేను. బ్లాకు మీద నీళ్లు పోయించి, సన్నటి పగులు కూడా లేదని తేల్చుకున్నాకే ధర మాట్లాడేవాణ్ణి. ఆ అలవాటే నన్ను ఆ రోజు దెబ్బతీసిందని ఇప్పటికీ నా నమ్మకం. రాయి నకిలీదా, అసలైనదా అని మాత్రమే చూశాను. అవి అసలైన నీలాలే, నాసిరకం నీలాలు. వాటి విలువకు ఎన్నో రెట్లు ధర కట్టారు. ఆ ధర కట్టగల చదువు నాకు లేదు. ఒక వ్యాపారంలో గడించిన అనుభవాన్ని పక్క వ్యాపారంలోకి పట్టుకెళ్లకూడదు. నీకు కంప్యూటర్ల మీద ఎంత పట్టున్నా ఈ మాట నీకూ వర్తిస్తుంది.

రాళ్లను మోసుకెళ్లే శ్రమ లేకుండా తామే ఒంగోలుకు పార్సిల్ పంపుతామని దుకాణంవాళ్లు ఎంతో చెప్పారు. మీ అత్త ఒప్పుకోలేదు, సంచిలో పెట్టుకునే కదిలింది. ఆ తర్వాత కొంత డబ్బయినా తిరిగి వచ్చిందంటే ఆ పట్టుదల వల్లే. పార్సిల్ వెళ్లిపోతే, తిరిగి ఇవ్వడానికి మన చేతిలో సరుకే ఉండదు.

ఆ సాయంత్రమే హోటల్ గుమాస్తా, ప్యాలెస్ ఉదయం నుంచీ తెరిచే ఉందని చెప్పాడు. పోలీసుల దగ్గరకు వెళ్దామని మీ అత్త అంటే, పరువు పోతుందని నేను ఒక రోజంతా గదిలోనే కూర్చున్నాను. జరిగిన దానిలో నన్ను ఎక్కువగా బాధించేది ఆ రోజే. మర్నాడు 1155కు ఫోన్ చేశాం. అది పర్యాటకుల పోలీసుల నంబరు, ఏ వేళనైనా పలుకుతుంది, ఇంగ్లీషులో మాట్లాడవచ్చు. రసీదు, రాళ్లు పట్టుకుని వాళ్లతో కలిసి దుకాణానికి వెళ్తే, రాళ్లు వెనక్కి తీసుకుని సగం సొమ్ము ఇచ్చారు. కార్డు మీద కట్టిన సొమ్ములో మిగతా సగం కోసం ఇంటికి వచ్చాక బ్యాంకును అడిగితే, సంతకం పెట్టింది మీరే కదా అన్నారు. నీకు ఏ చిన్న మోసం జరిగినా, ఆ గంటలోనే అమ్మాయికి చెప్పు, పోలీసులకు చెప్పు, నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే.

కార్డుకు విదేశీ వాడకం పరిమితిని బ్యాంకు యాప్‌లో మనమే పెట్టుకునే వీలు ఇప్పుడుంది. బయలుదేరే ముందే దాన్ని తక్కువలో పెట్టుకో. టాక్సీ ఎక్కితే మీటరు వేయించు, వేయనంటే దిగిపో. సముద్రతీరంలోని పట్టాయా వెళ్తే, నీళ్ల మీద నడిపే బండి జెట్ స్కీని అద్దెకు తీసుకునే ముందు, తర్వాత నీవల్లే పడ్డాయని అనకుండా దానిమీద పాత గీతలన్నీ ఫోనులో వీడియో తీసుకో. పాస్‌పోర్టును మాత్రం ఎవరి దగ్గరా తాకట్టు ఉంచవద్దు.

చివరి రోజు మేము ప్యాలెస్‌కు వెళ్లాం. అక్కడి మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న మండపం గోడల మీద వాళ్ల రామాయణం 178 చిత్రాలుగా ఉంటుంది. రావణుణ్ణి వాళ్లు తోసకన్ అంటారు, వాళ్ల కథలో సీత అతని కూతురే. మనసు బాగోలేక నేను పావు వంతు చూసి బయటికి వచ్చేశాను. మీరు ఉదయమే వెళ్లి, మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా తీరిగ్గా చూసి, ఇంటికి వచ్చాక మీ అత్తకు వివరంగా చెప్పండి.

ఇట్లు,
మీ మామయ్య