పత్తి నారు పెంచి నాటి, జీవన ఎరువులు వేస్తే కాపు ముందుకొస్తుందా?

వస్తుంది. కానీ మీరు అడిగినట్టు మిరపలాగా నారుమడి పోసి, పీకి నాటితే రాదు. పత్తికి తల్లివేరే ప్రాణం, అది తెగితే మొక్క బతికినా తేరుకోవడానికే టైమంతా పోతుంది. చైనాలో యాంగ్జీ నది వైపు గోధుమ చేలో ఉండగానే పత్తి మొక్కల్ని ఎరువు కలిపిన మట్టిదిమ్మెల్లో పెంచి, దిమ్మెతో సహా నాటింది అందుకే.

మాది వరంగల్ వైపు నల్లరేగడి. ఓ ఏడు మృగశిరలో గింజలు పెట్టాక వాన మొహం చాటేసింది, ఎక్కడ చూసినా పోగుంటలే, అంటే మొలక రాని ఖాళీలే. అమ్మ ముందుచూపుతో, విత్తిన రోజే పాలిథిన్ సంచుల్లో మట్టి, చివికిన పశువుల ఎరువు, అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా అనే జీవన ఎరువులు (మేలు చేసే బ్యాక్టీరియా) కలిపి నింపి సంచికో గింజ పెట్టింది. ఆరుద్ర వాన పడిన మర్నాడు బ్లేడుతో సంచి పక్కన చీలిస్తే తెల్లటి పిల్లవేర్లు మట్టిముద్దను వలలా పట్టుకుని ఉన్నాయి. అడుగున వేరు చుట్టుకుపోయిన మొక్కల్ని అమ్మ పక్కన పడేసి, మిగతావే నాటించింది. అదే రోజు మళ్లీ గింజ పెట్టిన చోట్ల కంటే ఇవి బాగా ముందు గూడ (పూమొగ్గ) కట్టాయి, తొలి తీతకు మిగతా చేనుతో పాటే కాయ పగిలింది.

బ్యాక్టీరియా పాత్ర కూడా తక్కువేం కాదు. నల్లరేగడిలో భాస్వరం ఉన్నా బిగుసుకుపోయి వేరుకు అందదు, ఫాస్ఫోబాక్టీరియా దాన్ని కరిగిస్తుంది. అజోస్పైరిల్లం పిల్లవేర్లను పెంచుతుంది. బీటీ పత్తి గింజకు ముందే మందు పట్టించి ఉంటుంది, దానికి బ్యాక్టీరియా చావొచ్చు కాబట్టి గింజకు పట్టించే బదులు మట్టిలో కలపడమే మేలు. అసలు బాధ షాపులతోనే, ప్రాణమున్న సరుకును రేకుల షెడ్డులో, యూరియా బస్తాల పక్కన, మే నెల ఎండలో పెట్టి అమ్ముతారు! మా దగ్గర ఒక షాపులోనైతే గడువు తేదీ మీదే ధర స్టిక్కర్ అంటించారు. ఆ చచ్చిన పొడి వేసి పనిచేయలేదంటే ఎట్లా?

ఇంకోటి, చేను నల్లగా నిగనిగలాడాలని యూరియా మీద యూరియా గుమ్మరిస్తే ఏ బ్యాక్టీరియా కూడా కాపును ముందుకు తేలేదు, చెట్టు ఆకులు పెంచుకోవడం మీదే పడుతుంది. కాపు తొందరగా కావాల్సింది కాయల్ని తొలిచే గులాబీరంగు పురుగు వల్ల. డిసెంబరుకల్లా తీతలు ముగించి కట్టె పీకేయాలి. ఫిబ్రవరి దాకా చేను ఉంచేవాళ్లు తమ పురుగును ఊరందరికీ పంచుతున్నారు, ఇది నేను ఎక్కడైనా గట్టిగానే చెప్తా.

ఎకరం మొత్తం సంచుల మొక్కలే అంటే కూలీ ఖర్చు భరించలేరు. పోగుంటలకు సరిపడా పెంచుకోండి, కానీ విత్తిన రోజే.