ఓవర్‌రైడ్ చేసే ముందు పేరెంట్ క్లాస్ చదువు

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన జావా ప్రాజెక్ట్ మొత్తం చదివాను. ఆలోచన బాగుంది. ఓవర్‌రైడ్ చేసిన చోట్ల, అంటే పేరెంట్ క్లాస్ నుంచి వచ్చిన మెథడ్‌ని చైల్డ్ క్లాస్‌లో నీ పద్ధతిలో మళ్లీ రాసిన చోట్ల మాత్రం, కాస్త ఆగి చెప్పాల్సినవి ఉన్నాయి.

ముందు నిన్ను టెన్షన్ పెట్టిన ఆ స్టూడెంట్ లిస్ట్ సంగతి. ఎదురుగా ఉన్న స్టూడెంట్‌ని కూడా, లిస్ట్‌లో వెతికే కంటెయిన్స్ మెథడ్ "లేడు" అంటోంది కదా? నీ ఈక్వల్స్ మెథడ్ స్టూడెంట్‌ని తీసుకుంటోంది. జావాలో అన్ని క్లాసులకూ మూలమైన ఆబ్జెక్ట్ క్లాస్‌లోని ఈక్వల్స్ తీసుకునేది ఆబ్జెక్ట్‌ని. పేరు ఒకటే అయినా పారామీటర్ మారింది కాబట్టి నువ్వు చేసింది ఓవర్‌రైడ్ కాదు, ఓవర్‌లోడ్, అంటే అదే పేరుతో ఇంకో మెథడ్ పక్కన చేర్చావు. నువ్వు వాడిన అరేలిస్ట్ పిలిచేది పాతదాన్నే, అది రెండూ ఒకే ఆబ్జెక్టా కాదా అని మాత్రమే చూస్తుంది. కంపైలర్ కిక్కురుమనదు. ఆ మెథడ్ పైన ఓవర్‌రైడ్ అనే యానొటేషన్ (కంపైలర్‌కి ఇచ్చే గుర్తు) పెట్టి ఉంటే ఆ క్షణమే ఎర్రర్ చూపించేది. 2004లో జావా 5తో వచ్చిన సదుపాయం అది, ఒక్కచోట కూడా వదలకు. సీ ప్లస్ ప్లస్‌లోకి ఇలాంటిదే 2011లో వచ్చింది. పైథాన్‌లో 3.12 నుంచి ఉంది కానీ, అక్కడ తప్పు పట్టేది కోడ్‌ని నడపకుండానే సరిచూసే టైప్ చెకర్ అనే విడి పనిముట్టు. ప్రోగ్రామ్ మాత్రం మామూలుగా నడిచిపోతుంది. అన్నట్టు, ఈక్వల్స్ మారిస్తే హాష్‌కోడ్ (ఆబ్జెక్ట్‌ని త్వరగా వెతకడానికి ఒక సంఖ్య ఇచ్చే మెథడ్) కూడా మార్చాలి. లేకపోతే రేపు హాష్‌సెట్‌లో ఇదే గొడవ.

ఇక రిపోర్ట్ క్లాస్. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది దీని గురించే. నువ్వు ఓవర్‌రైడ్ చేసిన మెథడ్‌ని ఎవరు, ఎప్పుడు పిలుస్తారో పేరెంట్ కోడ్ తెరిచి చూడు. నీ పేరెంట్ కన్‌స్ట్రక్టర్, అంటే ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్, హెడర్ మెథడ్‌ని పిలుస్తోంది. జావాలో అప్పుడు నడిచేది చైల్డ్ రాసిన హెడరే. కానీ మామూలుగా చైల్డ్ ఫీల్డులకు విలువలు ఇచ్చేది పేరెంట్ కన్‌స్ట్రక్టర్ పూర్తయ్యాకే. అందుకే కాలేజీ పేరు ఉండాల్సిన చోట నల్ (ఏ విలువా లేదని అర్థం) వస్తోంది. నువ్వు హెడర్ మెథడ్‌ని ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు, అందులో తప్పేమీ లేదు. సీ ప్లస్ ప్లస్‌లోనైతే ఆ దశలో పేరెంట్ హెడరే నడుస్తుంది. భాష మారితే ఇది కూడా మారుతుందని గుర్తుపెట్టుకో.

ఓవర్‌రైడ్ చేసిన మెథడ్‌లోంచి సూపర్, అంటే పేరెంట్ రాసిన అదే మెథడ్, పిలవాలా వద్దా అని అడిగావు. పేరెంట్ పనికి నీ పని కలుపుతున్నావంటే పిలవాలి. ఏదైనా సిద్ధం చేసే మెథడ్‌లో ముందు సూపర్, తర్వాత నీ కోడ్. మూసేసి శుభ్రం చేసే మెథడ్‌లో ముందు నీది, చివర్లో సూపర్. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ సిద్ధం చేసే ఆన్‌క్రియేట్ మెథడ్‌లో సూపర్ మర్చిపోతే వెంటనే ఎక్సెప్షన్ వస్తుంది. అన్ని చోట్లా అంత త్వరగా బయటపడదు.

పేరెంట్ ఖాళీ లిస్ట్ ఇచ్చేచోట నీ చైల్డ్ నల్ ఇస్తోంది, అది వెంటనే మార్చు. పేరెంట్‌ని నమ్మి రాసిన కోడ్‌కి చైల్డ్‌ని అందించినా ఇబ్బంది రాకూడదు. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పిన సూత్రం ఇదే. పేరెంట్ మెథడ్ అక్కర్లేదని ఖాళీగా ఓవర్‌రైడ్ చేయాల్సి వస్తోందంటే, అక్కడ వారసత్వమే వద్దు. ఆ క్లాస్‌ని ఒక ఫీల్డ్‌గా పెట్టుకుని కావలసిన మెథడ్లు మాత్రం వాడుకో.

కన్‌స్ట్రక్టర్‌లోంచి ఆ హెడర్ కాల్ తీసేసి, రిపోర్ట్ ప్రింట్ చేసే చోట పెట్టు. తర్వాత పేరెంట్ కోసం రాసిన టెస్టులన్నీ చైల్డ్ మీద కూడా నడిపి, ఏవి ఫెయిలయ్యాయో నాకు పంపు. ఆదివారం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
బాబాయి