ఐచ్ఛిక పరీక్షలు రాయకపోతే సీటు పోతుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. ఇంటర్ కాగానే అమెరికాలో ఇంజినీరింగ్ చదవాలని పట్టుబట్టి కూర్చుంది. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది "శాట్ (అక్కడి కాలేజీల ప్రవేశ పరీక్ష) ఒక్కటే చాలదు బావా, మ్యాథ్స్ లెవెల్ టూ, ఫిజిక్స్ సబ్జెక్ట్ టెస్టులు కూడా రాయించు, మావాడు అలాగే రాశాడు" అంటున్నాడు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో మూడు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలకు కోచింగ్ ప్యాకేజీ కట్టమంటున్నారు. "పేరుకే ఆప్షనల్ సార్, రాయకపోతే ఫైలు పక్కన పడేస్తారు" అన్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, కూర్మన్నపాలెం

జవాబు: మీ బావమరిది గారు చెప్పింది అబద్ధం కాదు, పాత సంగతి. ఆ సబ్జెక్ట్ టెస్టులు ఇప్పుడు లేవు. శాట్ నడిపే కాలేజ్ బోర్డే 2021 జనవరిలో వాటిని ఎత్తేసింది. అమెరికాలో అప్పటికప్పుడే ఆగిపోయాయి. బయటి దేశాల పిల్లలకు ఆ ఏడాది మే, జూన్‌లలో ఆఖరిసారి పెట్టారు. ఎంఐటీ విశ్వవిద్యాలయమైతే 2020లోనే వాటిని చూడటం మానేసింది. గంట పరీక్ష, 800 మార్కులు. మన ఎంపీసీ పిల్లలకు లెవెల్ టూ నల్లేరు మీద బండి నడకే. కానీ ఆ బండి వెళ్లిపోయింది. ఆ పేరుతో ఎవరైనా పాత పుస్తకాలు అంటగడితే మాత్రం కొనకండి.

ఇక ఏపీ సంగతి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనేది అక్కడి హైస్కూళ్లలో చెప్పే కోర్సు. ఏటా మే మొదటి రెండు వారాల్లో పరీక్ష ఉంటుంది, 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. దరఖాస్తు చదివేవాళ్లు చూసేది, మీ కాలేజీలో ఉన్న కోర్సుల్లో మీ అమ్మాయి ఎంత గట్టివి తీసుకుంది, వాటిలో ఎలా చదివింది అని. లేని కోర్సు ఎందుకు తీసుకోలేదని అడగరు. గాజువాక ఇంటర్ కాలేజీలో ఏపీ క్లాసులుండవని వాళ్లకీ తెలుసు. ఫైలు పక్కన పడేస్తారన్నది అమ్మకం మాట.

అలాగని బొత్తిగా దండగ అని కూడా అనను. మన దగ్గర వెయ్యికి 970 దాటినవాళ్లు సెక్షన్‌కి ఎంతమంది ఉంటారో మీకు తెలుసు కదా! ఆ మార్కుల్ని ఎలా తూచాలో అక్కడివాళ్లకు ఒక పట్టాన అంతుపట్టదు. ఏపీలో 5 అంటే చప్పున అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరిలో యేల్ విశ్వవిద్యాలయం పరీక్షల స్కోర్లను మళ్లీ తప్పనిసరి చేసినప్పుడు, శాట్, దానిలాంటిదే అయిన ఏసీటీల స్కోర్లకు బదులు ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్ అనే స్కూలు కోర్సు) స్కోర్లను కూడా లెక్కలోకి తీసుకుంటామంది. అంత విలువ ఉంది. అయితే ముందు శాట్ చూసుకోండి. ఎంఐటీ 2022లో, హార్వర్డ్, కాల్‌టెక్, డార్ట్‌మత్, బ్రౌన్ 2024లో శాట్ లేదా ఏసీటీ మళ్లీ కావాలన్నాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన కాలిఫోర్నియా వాళ్లేమో సీటిచ్చేటప్పుడు శాట్ వైపే చూడరు. కాబట్టి కాలేజీల జాబితా రాసుకోకుండా పరీక్షల జాబితా రాయొద్దు.

కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పని ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. అమ్మాయి దరఖాస్తులు పంపేది రెండో ఏడాది నవంబరు, జనవరి మధ్య. అంటే సీటుకు పనికొచ్చేది మొదటి ఏడాది చివర మేలో రాసే ఏపీ మాత్రమే. రెండో ఏడాది మేలో రాస్తే స్కోరు జూలైలో వస్తుంది. అప్పటికి సీటు సంగతి తేలిపోయి ఉంటుంది. 4, 5 వస్తే చాలా విశ్వవిద్యాలయాలు క్రెడిట్లు ఇస్తాయి, అంటే ఆ కోర్సు చదివినట్టే లెక్కేస్తాయి గనక అక్కడ ఒకటో రెండో కోర్సులు చదివే పని తప్పుతుంది, అంతే. దానికోసం ఈఏపీసెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ ఉన్న మే నెలలో పిల్లని మరో పరీక్షకు కూర్చోబెడతారా?

మరి మొదటి ఏడాదిలో ఏది రాయగలదు? కాలిక్యులస్ అంటారు కన్సల్టెన్సీ వాళ్లు. కానీ ఇంటిగ్రేషన్ మన దగ్గర రెండో ఏడాది పాఠం. రాని పాఠానికి పరీక్ష రాయించడం ఎందుకు? మొదటి ఏడాది ఫిజిక్స్‌లో మెకానిక్స్ పూర్తవుతుంది. నన్నడిగితే ఏపీల్లో ఫిజిక్స్ సి మెకానిక్స్ అనే పరీక్ష ఒక్కటి చాలు. కాలేజీలో జేఈఈ కోసం డిఫరెన్షియేషన్ ఎలాగూ ముందే చెబుతారు, ఇందులో కావలసిన కాస్త ఇంటిగ్రేషన్ తనే నేర్చుకోగలదు.

ఇక్కడ మన పిల్లలు తడబడే చోటు ఒకటుంది. ఇరవై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి అంటున్నాను. గరుకు వాలుతలంపై జారే వస్తువు త్వరణానికి సమాసం ఉత్పాదించమనండి, నిద్రలో లేపినా ఎనిమిది మార్కులకూ రాసేస్తారు. ఏపీలో అలా అడగరు. ఇదిగో చెక్క, ఇదిగో దిమ్మ, ఘర్షణ గుణకం కనుక్కోవడానికి ఏం కొలుస్తావు, దేనితో కొలుస్తావు, ఏ గ్రాఫు గీస్తావు, దాని వాలు దేన్ని చెబుతుంది అంటారు. ఈ ఆదివారం మీ అమ్మాయికి వంటింట్లో పీట, కొత్త సబ్బు బిళ్ల, టేపు ఇవ్వండి. కోణమానిని ఇవ్వకండి. పీట ఒక చివర మెల్లగా ఎత్తి, సబ్బు కదలబోయే క్షణంలో ఆపి, లేచిన ఎత్తును నేలమీది పొడవుతో భాగించాలని తనంతట తను పట్టుకుంటే ఆ పరీక్షకు పంపండి. దిక్కులు చూస్తే శాట్ మీదే కూర్చోనివ్వండి.

రాయించాలనుకుంటే నమోదు మాత్రం సాధారణంగా అంతకు ముందు నవంబరు లోపే అయిపోవాలి. బయటి విద్యార్థుల్ని రాయనిచ్చే కేంద్రం ఎక్కడుందో ముందే కనుక్కోండి, హైదరాబాద్ దాకా వెళ్లాల్సి రావచ్చు. ఇంకో మాట, మీరు అడగలేదు గానీ: ఏపీ స్కోరు సీటుకి కాస్త బలమే తప్ప ఫీజుకి కాదు. ఇంటి ఆదాయం చూడకుండా విదేశీ పిల్లలకు సీటిచ్చి, అవసరమైనంత సాయం చేసేవి హార్వర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్, యేల్ లాంటి కొన్నే. మిగతాచోట్ల మీ జీతం స్లిప్ ముందు మాట్లాడుతుంది. ప్యాకేజీ డబ్బు బ్యాంకులో ఉంచండి.

ప్రశ్న: నేను బైపీసీ తెలుగు మీడియం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలకు పెట్టే సీయూఈటీలో సబ్జెక్టులు మన ఇష్టమేనట. తేలికని జనరల్ టెస్ట్, తెలుగు రాస్తే చాలా?
– ఒక విద్యార్థి, అనకాపల్లి

జవాబు: ఇష్టమే, కానీ ఐదు దాటకూడదు. చేరాలనుకున్న కోర్సు అడిగే సబ్జెక్టుల కలయికలో ఒక్కటి రాయకపోయినా ఆ కోర్సుకు నిన్ను లెక్కలోకే తీసుకోరు నాయనా. బీఎస్సీ కావాలంటే నీ సైన్స్ సబ్జెక్టులే రాయి, ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు. విశ్వవిద్యాలయం సైటులో కోర్సు పేరు ఎదురుగా ఏం రాసి ఉందో చూసి, ఆ తర్వాతే ఫారం నింపు.