లిథియం వేసుకుంటే మెదడు పాడవుతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు పట్టే జబ్బు) అని డాక్టరు గారు లిథియం రాశారు. రెండు నెలల నుంచి వేసుకుంటున్నాడు, నిద్ర పడుతోంది, మనిషి కుదురుకున్నాడు. ఇప్పుడెవరో ఈ మందు ఇస్తే ఎలుకల మెదడే మారిపోయిందని చెప్పారట, మానేస్తానని కూర్చున్నాడు. అమ్మకూ ఒకటే టెన్షన్. నిజమేనా?
– ఒక అక్క, దేవరకొండ

జవాబు: మారిన మాట నిజమేనమ్మా, కానీ ఏం మారిందో కూడా చెప్పాలి కదా. ఈ కథ మొదలైందే జంతువులతో. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ గినీ పందులకు (పేరుకే పందులు, ఎలుక జాతి చిన్న జంతువులు) లిథియం ఎక్కిస్తే, వెల్లకిలా పడుకోబెట్టినా గింజుకోకుండా కళ్లు తెరుచుకుని అలాగే ఉండిపోయాయట. మోతాదు ఎక్కువై అలా అయ్యుంటాయని తర్వాతివాళ్లు అన్నారు గానీ, అదే మందుతో ఆయన రోగులు మాత్రం నిజంగానే తేరుకున్నారు.

1971లో ఎలుకల మెదడులో ఇనాసిటాల్ అనే పదార్థం తగ్గినట్టు తేలింది. బయటి నుంచి వచ్చిన సంకేతం కణం లోపలికి పోవాలంటే అది కావాలి, దాన్ని తిరిగి తయారుచేసే ఎంజైమును లిథియం అడ్డుకుంటుంది, అందుకే మితిమీరిన సంకేతాల జోరు తగ్గుతుందని ఒక వివరణ. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి: కొన్ని వారాల పాటు లిథియం గానీ, బైపోలార్‌కే వాడే వాల్‌ప్రోయేట్ అనే ఇంకో మందు గానీ ఇచ్చిన ఎలుకల మెదడు ముందు భాగంలో, కణాలు చచ్చిపోకుండా కాపాడే బీసీఎల్-2 ప్రొటీన్ పెరిగింది. మెదడు మారింది అంటే పాడైందని కాదు! అయితే ఎలుకకు మన బైపోలార్ రాదు, కాబట్టి అక్కడ చూసిందంతా మీ తమ్ముడికీ జరుగుతుందని నేననను.

మీరు భయపడాల్సింది ఎలుకల గురించి కాదు, రక్తంలో మందు ఎంత ఉందన్న దాని గురించి. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు, 1.5 దాటితే విషమే. మన నల్లగొండ ఎండల్లో చేనుకు పోయి చెమటలు కారి నీళ్లు తాగకపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అడిగి వేసుకున్నా అది పెరిగిపోతుంది. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించాలి.

ఉన్నపళంగా మాత్రం మాననివ్వకండి, జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. లిథియం పరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోమనండి. ఈలోపు తమ్ముడు మొండికేస్తే 14416కు ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, డబ్బులేమీ పడవు, తెలుగులోనే మాట్లాడతారు.