జల్లెడ దగ్గరే ఆగిపోకు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం చదివాను. చిన్న చిప్‌ మీద వాయువులను వేరుచేసే స్ఫటికపు పొరల గురించి తెలుగులో రాయాలనుకున్నందుకు చాలా సంతోషం. కానీ ‘ఇది అణువుల జల్లెడ’ అని ఒక్క మాట అనేసి ముందుకెళ్లిపోయావు. అసలు ఆశ్చర్యం అక్కడే ఉంది.

జెడ్‌ఐఎఫ్-8 అనే స్ఫటికాన్నే తీసుకో. జింక్ అయాన్లను మిథైల్‌ఇమిడజోల్ అనే సేంద్రియ అణువులు కలిపి కట్టిన గూళ్ల వరుస అది. ఎక్స్‌రే కొలతల ప్రకారం గూటికీ గూటికీ మధ్య కిటికీ వెడల్పు 0.34 నానోమీటర్లు. ప్రొపిలీన్, ప్రొపేన్ అనే వాయువుల అణువులు రెండూ అంతకంటే లావే. అయినా ప్రొపిలీన్ దూరిపోతుంది, ప్రొపేన్ చాలావరకు వెనకబడుతుంది. ఆ కిటికీ అంచులు బిగుసుకుని ఉండవు మరి. అటూ ఇటూ కాస్త తిరిగి దారి ఇస్తాయి. జల్లెడ కన్ను అలా కదలదు కదా! ఈ రెండింటి మరుగు ఉష్ణోగ్రతల మధ్య తేడా ఆరు డిగ్రీలు కూడా లేదు. అందుకే ఫ్యాక్టరీల్లో పొడవాటి స్తంభాలు కట్టి, బోలెడు ఇంధనం ఖర్చుపెట్టి వేరుచేస్తారు. ప్లాస్టిక్ కుర్చీకి ముడిసరుకు ఈ ప్రొపిలీనే అని కూడా చెప్పు, పాఠకుడు దగ్గరవుతాడు.

గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి రోగికిచ్చే మిషన్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ గురించి రాసింది మాత్రం తప్పకుండా మార్చు. నైట్రోజన్ పెద్దది కాబట్టి, సన్నని రంధ్రాలున్న ఖనిజమైన జియోలైట్‌లో పట్టక ఆగిపోతుందన్నావు. అది కాదు. రెండు వాయువులూ లోపలికి వెళ్తాయి. జియోలైట్‌లోని ధనావేశపు అయాన్లు నైట్రోజన్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి, ఆక్సిజన్ బయటికొస్తుంది. పీడనం తగ్గించగానే నైట్రోజన్ వదులుతుంది. 2021లో కరోనా సెకండ్ వేవ్‌లో ఆ మిషన్ పక్కన కూర్చున్నవాళ్లు కొన్ని సెకన్లకోసారి బుస్సుమనే చప్పుడు వినే ఉంటారు. ఆ వదలడమే అది.

ఇక చిప్ మీద ఈ పొరలతో గీసే డిజైన్ల సంగతి. బెల్జియంలోని లూవెన్ శాస్త్రవేత్తలు 2016లో పలుచని జింక్ ఆక్సైడ్ పొరకు మిథైల్‌ఇమిడజోల్ ఆవిరి తగిలించి, దాన్నే జెడ్‌ఐఎఫ్-8గా మార్చి చూపించారు. ద్రవం అక్కర్లేదు కాబట్టి చిప్‌ల తయారీకి ఇది బాగా నప్పుతుంది. 2021లో ఇంకో అడుగు వేశారు: ఇదే కుటుంబంలో క్లోరిన్ వంటివి ఉన్న పొరల మీద ఎక్స్‌రే, ఎలక్ట్రాన్ కిరణాలతో నేరుగా గీతలు గీశారు. కిరణం తగిలిన చోటు ద్రావకంలో కరిగిపోతుంది, మిగతాది రంధ్రాలతో సహా స్ఫటికంగానే నిలుస్తుంది. నీ వ్యాసానికి ఇదే గుండెకాయ, నువ్వు రెండు వాక్యాల్లో ముగించేశావు. లోహ అయాన్లు, సేంద్రియ అణువులు కలిసిన ఇలాంటి స్ఫటికాలకు (వీటినే ఎంఓఎఫ్ అంటారు) వచ్చిన 2025 రసాయన నోబెల్ గురించి రాసిన పేజీ కుదించి ఇక్కడ చోటివ్వు. కిటగావా, రాబ్సన్, యాఘీల పేర్లు, ఎందుకిచ్చారన్న ఒక్క ముక్క చాలు.

పగుళ్ల గురించి నువ్వు అస్సలు రాయలేదు. స్ఫటికానికీ స్ఫటికానికీ మధ్య కొద్ది నానోమీటర్ల సందు మిగిలినా, అన్ని వాయువులూ అందులోంచే పోతాయి. అప్పుడు కిటికీ ఎంత కచ్చితంగా ఉన్నా లాభం లేదు. కాబట్టి ఏ పరిశోధకుడు అంకెలు చెప్పినా అడుగు: వాయువులను విడివిడిగా పరీక్షించారా, కలిపి పరీక్షించారా? తేమ ఉంటే ఏమైంది? ఎన్ని గంటలు నడిపారు? అందరూ పొగిడే ఎంఓఎఫ్-5 అనే స్ఫటికం తేమ గాలిలో పాడైపోతుంది. మొహమాటపడకు, మంచి పరిశోధకులకు ఈ ప్రశ్నలంటే ఇష్టం.

నీ బొమ్మ కింద కొలత గీత లేదు, అది వేయించు. మార్చిన ప్రతి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు